రీయూనియన్ అగ్నిపర్వతం మీద పొగమంచులో ఒక రోజు: నాన్న, నల్లరాయి, తెల్ల చుక్కలు

గోదారిగట్టు | 13 ఆగస్టు, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. రీయూనియన్ ద్వీపం గురించి ఇక్కడ పాత పోస్టులేవీ కనబడలేదు. అందుకే మా జులై నడక గురించి వివరంగా రాస్తున్నాను. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

ఫిబ్రవరి నుంచి నా ఉద్యోగం ఇక్కడే, సాన్-దెనిలో. హిందూ మహాసముద్రంలో మారిషస్‌కి పక్కనున్న ఫ్రెంచి ద్వీపం ఇది. జులైలో మా నాన్న రాజమండ్రి నుంచి వచ్చారు. వయసు 63. ముప్ఫై ఏళ్ళకు పైగా లారీ నడిపారు. ఎక్కువగా కాటేరు, పంగిడి క్వారీల నుంచి కంకర తోలేవారు. ఈ సంగతి ముందే ఎందుకు చెప్పానో తర్వాత తెలుస్తుంది.

ఇక్కడ పితాన్ ద లా ఫూర్నేజ్ అనే అగ్నిపర్వతం ఉంది. ఎత్తు 2,632 మీటర్లు. ప్రపంచంలో తరచుగా పేలే అగ్నిపర్వతాల్లో ఇదొకటి. పేలనప్పుడు మామూలు జనం నడిచి వెళ్ళి అంచు దాకా చూసి రావచ్చు, రానూపోనూ ఐదు గంటల నడక. నేనొచ్చిన మొదటి వారంలోనే ఆఫీసులో వాళ్ళు చెప్పారు: తెల్లారేసరికి పైన ఉండాలి, పదింటికల్లా మబ్బు ఎక్కేస్తుంది అని. తెలిసీ ఆలస్యంగా బయల్దేరాం. ముందురోజు రాత్రి కొండ దారిలో ఉన్న బూర్-మ్యురా అనే ఊళ్ళో బస. నాన్నకి చలికి నిద్రపట్టలేదు, తెల్లవారుజామున కునుకు తీశారు. లేపబుద్ధి కాలేదు.

బూర్-మ్యురా నుంచి అడవి రోడ్డు. మొదట పచ్చిక బీళ్ళు, ఆవులు. పోనుపోను చెట్లు పొట్టివై, పొదలై, చివరికి ఏమీ లేవు. ఒక మలుపు తిరిగేసరికి కింద ప్లేన్ దె సాబ్ల్ కనిపించింది. ఎర్రగా, నల్లగా, గడ్డిపరక లేని మైదానం. మట్టిరోడ్డు దాని నడుమ నుంచి పోతుంది. నాన్న కారు ఆపమన్నారు. దిగి ఐదు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా చూశారు. "ఇక్కడ లోడు ఎత్తితే ఎన్నాళ్ళకి అవుద్దిరా" అన్నారు. ఆయన లెక్క ఎప్పుడూ లారీలోనే.

పా ద బెల్కోంబ్ చేరేసరికి తొమ్మిది దాటింది. 2,311 మీటర్ల ఎత్తున కొండ అంచు అది. అక్కడ నుంచి నిట్టనిలువు గోడ వెంట ఐదొందల పైచిలుకు మెట్లు దిగితే ఆంక్లో ఫూకే, అంటే పాత అగ్నిపర్వతం కుంగిపోయి ఏర్పడిన పెద్ద పళ్ళెం లాంటి ప్రదేశం. మెట్లు దిగేప్పుడు ఎండ ఉంది. కిందకి దిగగానే ఫోర్మికా లియో అనే చిన్న ఎర్రటి గుట్ట. 1753 నాటి పేలుడులో పుట్టింది. పైకప్పు ఎగిరిపోయిన పుట్టలా ఉంటుంది.

దాన్ని దాటి అరగంట నడిచామో లేదో, తూర్పు నుంచి మబ్బు నేల మీద పాకుతూ వచ్చింది. పై నుంచి దిగలేదు, పక్క నుంచి వచ్చింది. ముందు శిఖరం పోయింది, తర్వాత మేం దిగొచ్చిన గోడ పోయింది. పావుగంటలో పది పన్నెండు అడుగుల అవతల ఏమీ లేదు. చేతి మీద వెంట్రుకలకి నీటి బొట్లు పట్టాయి.

అక్కడ కాలిబాట అంటూ ఉండదు. అంతా గట్టిపడిన లావాయే. రాళ్ళ మీద వరసగా తెల్ల పెయింటు చుక్కలు వేసి ఉంటాయి, వాటిని పట్టుకుని పోవాలి. నాన్న తల ఎత్తడం మానేసి కాళ్ళ దగ్గరే చూస్తూ నడిచారు. పాకంలా ముడతలు పడ్డ రాయి కనిపించింది. "బెల్లం పెనంలో పాకం మీద పొర కట్టినట్టు ఉందిరా" అని కూర్చుని చేత్తో తడిమారు. తర్వాత విరిగిన అంచు ఒకటి చూసి, ఇంకోటి చూసి, అలా నాలుగడుగులు పక్కకి పోయారు. నేనూ వెంట వెళ్ళాను.

"ఒరే, ఇది మన కాటేరు రాయేరా" అన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "ముప్ఫై ఏళ్ళు ఇదే మోశాను, నాకు తెలీదా" అన్నారు.

లేచి చూస్తే తెల్ల చుక్క లేదు. ఎటు చూసినా ఒకటే నలుపు, దాని మీద తెల్లటి గోడ. ఎవరివో మాటలు వినిపించాయి. కుడివైపు అనుకుని పది అడుగులు వేస్తే, అవే మాటలు వెనక నుంచి వినపడ్డాయి. అప్పుడు భయం వేసింది. నా కోసం కాదు.

నాన్నే దారి చూపారు. "నువ్వు కదలకు. నేను నీకు కనబడేంత దూరం పోతాను. చుక్క కనపడితే పిలుస్తాను. లేకపోతే నీ దగ్గరికే వస్తాను" అన్నారు. మంచులో లారీ వెనక్కి తీసేప్పుడు క్లీనర్‌ని అలాగే నిలబెట్టేవారట. మూడోసారికి దొరికింది. మహా అయితే ఇరవై మీటర్లు తప్పి ఉంటాం. పది నిమిషాలు పట్టింది.

తర్వాత కూడా ముందుకే వెళ్ళాం. రోజ్‌మోన్ చాపెల్ అని ఒకటుంది, గుల్లగా చిన్న గుహలా ఉన్న లావా దిబ్బ. అందులో కూర్చుని పులిహోర తిన్నాం. అక్కణ్ణుంచి ఎక్కుడు. ఒంటిగంటకి దొలొమ్యు బిలం, అంటే అగ్నిపర్వతం నోరు, దాని అంచున ఉన్న చూసేచోటుకి చేరాం. ఏమీ కనబడలేదు. తాడు, హెచ్చరిక బోర్డు, దాని అవతల తెలుపు. నలభై నిమిషాలు నిలబడ్డాం. లోపల ఎక్కడో లోతున రాళ్ళు జారుతున్న చప్పుడు రెండుసార్లు వినబడింది. నాన్న ఆ చప్పుడుకి తల వంచి విన్నారు, క్వారీలో పేల్చాక వినేవాళ్ళలా.

దిగి వచ్చేశాం. మెట్లెక్కి కారు దగ్గరికి చేరేసరికి చీకటి పడబోతోంది.

రెండు ప్రశ్నలు. ఒకటి, మబ్బు రాగానే వెనక్కి తిరగాల్సిందా? రెండు, నాన్న మాటలో నిజం ఎంతైనా ఉందా?

లంబసింగి_లత | 13 ఆగస్టు, రాత్రి 11:03

చదువుతుంటే ఒళ్ళు గగుర్పొడిచింది అండి. మా లంబసింగిలో, వంజంగిలో మంచు చూడ్డానికే జనం వస్తారు. పొద్దున కమ్ముకుంటుంది, ఎండెక్కితే విడిపోతుంది. మీ దగ్గర తిరగబడిందేంటి? పొద్దున తేటగా ఉండి పగలు కమ్మడం ఎందుకో తెలిసినవాళ్ళు చెప్పండి. ఇంకొకటి, అక్కడ నీళ్ళు దొరుకుతాయా? నాన్నగారికి మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

గోదారిగట్టు | 13 ఆగస్టు, రాత్రి 11:20

నీళ్ళు చుక్క దొరకవండి, మొత్తం మోసుకుపోవాలి. మేం చెరో రెండు లీటర్లు తీసుకెళ్ళాం, మిగల్లేదు. ఆఖరి మెట్లు నాన్నకి కష్టమయ్యాయి, ప్రతి ముప్ఫై మెట్లకీ ఆగాం. రెండు రోజులు కొబ్బరినూనె రాసుకుని సర్దుకున్నారు.

శిఖరయాత్రి | 14 ఆగస్టు, ఉదయం 6:41

మీ మొదటి ప్రశ్నకి జవాబు: అవును, తిరగాల్సింది. మనసు కష్టపెట్టుకోకండి, ఇరవై ఏళ్ళుగా కొండలు ఎక్కుతున్నవాడిగా చెబుతున్నాను. చుక్క తప్పిపోయాక దొరికింది చూడండి, ఆ క్షణమే మీ రోజు ముగియాలి. మంచులో ఎవరికైనా కాలు మడత పడితే హెలికాప్టర్ రాదు. మోసుకెళ్ళేవాళ్ళు నడిచి రావాలి, వాళ్ళకీ అదే మంచు. మీరు చలిలో తడిసి నాలుగైదు గంటలు కూర్చోవాలి. 2,500 మీటర్ల దగ్గర గాలి వీస్తుంటే, 63 ఏళ్ళ మనిషికి అది చిన్న విషయం కాదు.

మీ నాన్నగారు చేసింది మాత్రం నూటికి నూరుపాళ్ళు సరైన పని. ఒకరు కదలకుండా నిలబడాలి, ఇంకొకరు కంటిచూపు దాటకుండా వెతకాలి, లేదంటే వెనక్కి రావాలి. చాలామంది ఇద్దరూ కలిసి వెతుకుతారు, ఇద్దరూ కలిసే తప్పిపోతారు. దీనికి నేను ఒకటే కలుపుతాను: రాళ్ళు చూడటానికైనా, మూత్రానికైనా చుక్క వదిలి పక్కకి పోవాల్సి వస్తే రెండోవాళ్ళు చుక్క మీదే ఉండాలి. మీరు వెంట వెళ్ళారు చూడండి, తప్పు అక్కడ జరిగింది.

ఫోన్‌లో మ్యాపు దింపుకున్నారా? మీ పోస్టులో ఆ మాటే లేదు.

గోదారిగట్టు | 14 ఆగస్టు, ఉదయం 8:15

ఒప్పుకుంటున్నానండి. మ్యాపు దింపుకున్నాను. కానీ ఆ కంగారులో తడి చేతులతో తెర కదల్లేదు. ఈల లేదు. టార్చి ఒకటే ఉంది, అదీ బ్యాగు అడుగున.

ముందుకి ఎందుకెళ్ళామంటే నాన్న మొహం చూసి. ఆయన కాకినాడ దాటి సముద్రం చూడటం ఇదే మొదటిసారి. మళ్ళీ వస్తారో రారో. ఇది సాకు అని నాకూ తెలుసు.

మంచుపూలు | 14 ఆగస్టు, మధ్యాహ్నం 1:30

శిఖరయాత్రిగారితో సగమే ఏకీభవిస్తాను. అది జనం రోజూ నడిచే దారి, చుక్కలు దగ్గరదగ్గరగా ఉంటాయి, వెనకాముందూ మనుషులున్నారు. చుక్క నుంచి చుక్కకి పోగలిగినంతసేపు వెనక్కి పోయినా ముందుకి పోయినా ప్రమాదం ఒకటే. నేనైతే టైము చూసుకునేదాన్ని. మధ్యాహ్నం పన్నెండున్నరకి ఎక్కడున్నా వెనక్కి తిరగాలి అని ముందే అనుకుని బయల్దేరాలి. అక్కడి శీతకాలంలో ఆరింటికే చీకటి. మీరు చీకటి పడబోతుండగా కారు దగ్గరికి చేరారన్న వాక్యం దగ్గర నాకు భయమేసింది, మంచు దగ్గర కాదు.

శిఖరయాత్రి | 14 ఆగస్టు, మధ్యాహ్నం 2:05

ఆ టైము మాట నాకంటే బాగా చెప్పారు. అంచు దగ్గర నలభై నిమిషాల సంగతి మర్చిపోయాను. ఆ నలభై నిమిషాలు మెట్ల కోసం దాచుకోవాల్సినవి.

పోర్ట్‌లూయీ_తెలుగు | 14 ఆగస్టు, సాయంత్రం 5:48

నమస్కారము. నేను మారిషస్ తెలుగువాడిని, అయిదవ తరము. నా తెలుగులో తప్పులుంటే మన్నించండి.

లతగారూ, మంచు ఎందుకు తిరగబడుతుందో చెబుతాను. మా ద్వీపాలకు ఆగ్నేయము నుంచి సంవత్సరమంతా గాలి వీస్తుంది. పొద్దెక్కగానే కొండ వాలు వేడెక్కి, సముద్రపు తేమగాలి పైకి ఎక్కుతుంది. ఎక్కుతూ చల్లబడి మబ్బు అవుతుంది. రాత్రి ఆ మబ్బు దిగిపోతుంది. అందుకే తెల్లవారుజామున శిఖరము తేటగా ఉండును. మా ద్వీపము నడుమ ఎత్తున ఉన్న క్యూర్పిప్ పట్టణము కూడా ఇంతే, కాని మా ఎత్తయిన శిఖరము 828 మీటర్లు మాత్రమే. రీయూనియన్ కొండలు మూడు వేలు దాటినవి, కాబట్టి వారి మబ్బు వేరు, వారి వాన వేరు. గోదారిగట్టుగారు వెళ్ళిన దారి పక్కనే కొమెర్సోన్ బిలము ఉంది. 2007 ఫిబ్రవరిలో గమేడ్ తుఫానప్పుడు అక్కడ మూడు రోజులలో 3,930 మిల్లీమీటర్ల వాన పడినది. ప్రపంచ రికార్డు.

మేము ఉగాదికి సెలవు ఉన్న దేశమువాళ్ళము. మా పూర్వీకులు కోరంగి రేవులో ఓడ ఎక్కారు. మీ నాన్నగారు గోదావరి నుంచి వచ్చి ఈ నల్లరాళ్ళ మీద నడిచారని చదివితే, మా తాతల పాదాలు గుర్తుకు వచ్చినవి. వాళ్ళు చెరుకు పొలాలలో ఈ రాళ్ళనే ఏరి కుప్పలు పోశారు. ఆ కుప్పలు మా ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నవి.

యానాం_వాసి | 14 ఆగస్టు, రాత్రి 9:10

కోరంగి అనగానే ఆగలేకపోయాను. రీయూనియన్‌ని అప్పట్లో బూర్బన్ అనేవారు. అక్కడి చెరుకు తోటలకి మన దేశం నుంచి వెళ్ళిన తొలి ఒప్పంద కూలీలు మా యానాం నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళే, 1820ల చివర్లో. తర్వాత తమిళులు చాలా ఎక్కువగా వెళ్ళారు. ఇప్పుడు అక్కడ వాళ్ళందర్నీ కలిపి మల్బార్ అంటారు. మన పేర్లు ఫ్రెంచి రాతలో ఎలా మారాయో వెతికితే దొరుకుతుంది. గోదారిగట్టుగారూ, వీలైతే అక్కడి పాత రికార్డుల ఆఫీసుకి ఒకసారి వెళ్ళి రండి. చర్చ దారి మళ్ళించినందుకు ఏమనుకోకండి.

నల్లరేగడి | 15 ఆగస్టు, ఉదయం 7:22

రెండో ప్రశ్నకు ఎవ్వరు జవాబు చెప్పలేదు కాబట్టి నేను చెప్త. నాది వికారాబాద్, చదివింది భూగర్భశాస్త్రం.

మీ నాయిన చెప్పింది నిజం. నవ్వినందుకు ఆయనకు ఒక మాట చెప్పుకోండి.

భూమి లోపల ఒక్కో చోట వేడి ఊటలెక్క పైకి తంతది. అది ఉన్న తావునే ఉంటది, పైనున్న భూఫలకం మాత్రం జరుగుతుంటది. కొవ్వొత్తి మీద కాగితం జరిపితే మచ్చలు వరసగా పడ్డట్టు. ఆరు కోట్ల అరవై లక్షల ఏండ్ల కింద ఆ వేడి ఊట మీద మన దేశం ఉండె. అప్పుడు పొంగిన లావానే దక్కన్ నాపలు. మహారాష్ట్ర, మా వికారాబాద్, జహీరాబాద్, ఆదిలాబాద్ నల్లరేగడి నేలలన్ని ఆ రాయి అరిగిపోయి అయినయే. దేశం ఉత్తరానికి జరిగింది. వెనకాల లక్షదీవులు, మాల్దీవుల వరస పడ్డది. తర్వాత మారిషస్, సుమారు 80 లక్షల ఏండ్ల కింద. ఇప్పుడు అదే ఊట మీద కూసున్నది రీయూనియన్. మీరు ఎవరి అంచు మీద నిలబడి రాళ్ళ చప్పుడు విన్నరో, మా పత్తి చేను నేలకు అదే తల్లి.

ఇగ కాటేరు. దక్కన్ నాపలు పడమటి దిక్కున ఉంటయి కదా, రాజమండ్రి కాడికి ఎట్ల వచ్చినయి? గోదావరికి అటు కాటేరు, ఇటు పంగిడి, దుద్దుకూరు దగ్గర నల్లరాయి పొరలు ఉన్నయి. అవి దక్కన్ నాపల కాలానివే. లావా పాత నదుల లోయలు పట్టుకొని దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి అప్పటి సముద్రపు ఒడ్డుకు చేరిందని పరిశోధకులు చెప్తున్నరు. నేల మీద అంత దూరం పారిన లావా ఇంకోటి తెల్వదు.

రెండు నల్లరాళ్ళు చూసి ఒకటే అనుడు మామూలుగా నేను ఒప్పుకోను, నల్లరాయి లోకమంతట ఉంటది. కానీ ఈ రెండింటికి సంబంధం ఉన్నది. మంచు కమ్మి పైకి చూడనియ్యలేదు కాబట్టే ఆయన కింద చూసిండు.

నాదొక ప్రశ్న, నాయినను అడగండి. కాటేరు క్వారీల రెండు నల్లరాయి పొరల నడుమ తెల్లగా, సున్నం తీరుగా ఒక పొర చూసిండా? అందులో గుల్లలు ఉండెనా?

లంబసింగి_లత | 15 ఆగస్టు, ఉదయం 9:00

నల్లరేగడిగారూ, ఇది మా పిల్లలకి చదివి వినిపించాను. పెద్దోడు గ్లోబు తెచ్చి వేలితో గీత గీస్తున్నాడు.

గోదారిగట్టు | 15 ఆగస్టు, రాత్రి 8:37

మీ పోస్టు మొత్తం నాన్నకి ఫోన్‌లో చదివి వినిపించాను. ఆయన గత వారమే రాజమండ్రి వెళ్ళిపోయారు. వింటున్నంతసేపూ "ఊఁ" అనడం తప్ప ఏమీ అనలేదు. గుల్లల దగ్గరికి వచ్చేసరికి లేచి కూర్చున్నారట, అమ్మ చెప్పింది.

ఆయన మాటల్లోనే రాస్తాను: "ఎందుకు చూళ్ళేదురా. పై రాయికీ కింద రాయికీ మధ్యలో తెల్ల పొర ఉండేది. దాన్నిండా నత్తగుల్లలు, చిప్పలు. క్రషర్‌కి పనికిరాదని మేస్త్రీ పక్కన పోయించేవాడు. మేం గోదారి వరదకి కొట్టుకొచ్చాయి అనుకునేవాళ్ళం. కానీ రాయి కింద గుల్ల ఎలా దూరిందా అని నాకు ఎప్పుడూ అనుమానమే. అడగడానికి ఎవరూ లేరు."

నల్లరేగడి | 15 ఆగస్టు, రాత్రి 9:14

గదే! ఒక లావా పొంగుకు ఇంకో పొంగుకు నడుమ సముద్రం వచ్చింది. గుల్లలు బతికినయి, చచ్చి పేరుకున్నయి. వాటి మీదికి మళ్ళ లావా వచ్చింది. ఆ గుల్లలను బట్టే అక్కడ అప్పుడు సముద్రపు ఒడ్డు ఉండెనని తెలుస్తది. మా చదువుల్ల ఆ పొర గురించి ఒక పాఠమే ఉంటది. మీ నాయిన ముప్ఫై ఏండ్లు దాని పక్కన లోడు ఎత్తిండు.

వీలైతే ఆ పొర ఇప్పుడు కనపడుతున్నదో లేదో ఒక ఫొటో పంపుమనండి. పాత క్వారీ లోపలికి దిగొద్దు, వానకాలం, అంచులు జారుతయి. పక్కన కొలత తెలిసేటట్టు ఏదన్న వస్తువు పెట్టమనండి.

శిఖరయాత్రి | 16 ఆగస్టు, ఉదయం 6:20

గోదారిగట్టుగారూ, అక్కణ్ణుంచి రాయి ముక్క ఏమైనా తెచ్చారా? అది నేషనల్ పార్కు కదా.

గోదారిగట్టు | 16 ఆగస్టు, ఉదయం 7:55

లేదండి. నాన్న ఒక ముక్క జేబులో వేసుకున్నారు. తీయకూడదని చెప్పగానే మెట్ల కింద, తీసిన రాయి లాంటిదే చూసి దాని పక్కన పెట్టారు.

మంచుపూలు | 2 అక్టోబరు, సాయంత్రం 4:18

ఈ చర్చ చదివి గత నెల మేం వెళ్ళొచ్చాం. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. ఎనిమిదిన్నరకి అంచు దగ్గరున్నాం. బిలం మొత్తం కనిపించింది. 2007 ఏప్రిల్‌లో నేల 300 మీటర్లకు పైగా కుంగిపోయింది అక్కడే. గోడల్లో పొరలు పొరలుగా లావా, కేకు కోసినట్టు. తిరిగొచ్చేప్పుడు తొమ్మిదిన్నరకే మబ్బు పట్టింది. ఇద్దరం చుక్క మీద ఒకరు, ముందు ఒకరు అలాగే నడిచాం. మీ నాన్నగారికి చెప్పండి.

గోదారిగట్టు | 5 అక్టోబరు, రాత్రి 9:46

చెప్పానండి. "బిలం లోపల ఎన్ని పొరలు లెక్కపెట్టారో అడుగు" అన్నారు.

నల్లరేగడిగారూ, ఫొటో ఆలస్యమైంది, వానలు తగ్గేదాకా ఆగమన్నాను. నిన్న కాటేరు వెళ్ళారు. తాను తోలిన క్వారీ చాలావరకు నీళ్ళతో నిండిపోయిందట. రోడ్డు వైపు ఉన్న గట్టు మీద ఒకచోట పొర దొరికింది. పైన నలుపు, మధ్యలో జానెడు తెలుపు, కింద మళ్ళీ నలుపు. తెలుపులో చిప్ప ఒకటి స్పష్టంగా ఉంది. కొలతకి పక్కన ఏదైనా పెట్టమన్నారు కదా, పాత లారీ తాళంచెవి పెట్టారు.

ఫొటో కింద జతచేశాను.